ఎడమ నుంచి రెండోది

కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ముందే ఒక మాట చెబుతాను. ఇది గొప్పలు చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ముప్పై ఏళ్లకు పైబడిన ఉద్యోగంలో నా గురించి చెప్పదగ్గ మంచి ఏదైనా ఉంటే, రిటైరైన రోజున శాలువాలు కప్పినవాళ్లు చెప్పేశారు. వాళ్లు మర్యాదకు దాటేసింది ఒకటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

నేను సిరిసిల్లలో హెల్పర్‌గా చేరాను. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. పగలంతా సాంచాల చప్పుడే. ఏ దిక్కున ఆ చప్పుడు ఆగిందో విని, ఏ వీధి ట్రాన్స్‌ఫార్మర్ పోయిందో నేను టీ తాగుతూనే చెప్పేవాణ్ని. ఏ స్తంభానికి ఏ నెంబరు, ఏ తీగ ఎవరి మిద్దె మీదుగా పోతుంది, ఏ ఫ్యూజు ఎన్నిసార్లు కాలింది, అన్నీ నోటికి ఉండేవి. "పుస్తకం తెరుసుడెందుకురా, రిజిస్టర్‌ను అడుగుర్రి" అనేవాళ్లు. ఆ రిజిస్టర్ నేనే. అసలు పేరు జీతం కాగితం మీద మాత్రమే మిగిలింది. నిజం చెప్పాలంటే నాకు ఆ పేరంటే మహా గర్వం.

తర్వాత కోరుట్ల వైపు ఒక సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌నయ్యాను. ఆపరేటర్ పని బయటివాళ్లకు కుర్చీలో కూర్చోవడంలా కనిపిస్తుంది. అందులో ప్రాణం మీదికి వచ్చే పని ఒక్కటే ఉంది, ఎల్సీ. లైన్ క్లియర్ అన్నమాట. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ఆ లైన్లో కరెంటు ఆపమని నన్ను అడుగుతాడు. నేను ప్యానెల్ మీద పిడి తిప్పి ఆపేసి, ఎవరూ మళ్లీ తిప్పకుండా దానికి "మనుషులు పనిచేస్తున్నారు" అన్న బోర్డు తగిలించి, "ఇచ్చిన, ఎక్కు" అంటాను. అతను పని చేసుకుని దిగి, "దిగిన, ఇడువు" అన్నాకే మళ్లీ కరెంటు వదలాలి. ఈ రెండు మాటల మధ్య అతని ప్రాణం నా దగ్గర ఉంటుంది.

అక్కడ నాకు ఒక లైన్‌మన్ తోడు దొరికాడు. నాకంటే మూడేళ్లు చిన్న. చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్లం. పద్దెనిమిదేళ్లలో అతనికి ఎన్ని ఎల్సీలు ఇచ్చానో లెక్కలేదు. నిజానికి లైన్‌మన్ పైకెక్కాక మూడు తీగల మీద ఒక గొలుసు వేసి దాన్ని భూమికి కలపాలని నియమం. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా గొలుసు దాన్ని భూమిలోకి లాగేస్తుంది, సబ్‌స్టేషన్‌లో పిడి దానంతటదే పడిపోయి కరెంటు ఆగుతుంది, మనిషి బతుకుతాడు. కాని గొలుసు బరువు, వేయడం తీయడం ఆలస్యం. మావాడు దాన్ని బండి డిక్కీలోంచి తీసేవాడే కాదు. ఎవరైనా అడిగితే, "రిజిస్టర్ బావ ఎల్సీ ఇచ్చినంక నాకు గొలుసెందుకయ్యా" అనేవాడు. ఆ మాట నా ముందు అన్నప్పుడు నేను పైకి కసిరినా లోపల పొంగిపోయేవాణ్ని.

ఇక భయం ఎక్కడ మొదలైందో చెప్పాలి. మా అమ్మ బీడీలు చేసేది. కత్తెరతో ఆకు కోయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, నలభై ఏళ్లు అదే పని. చివరి రెండేళ్లు ఆమెకు మనుషులు గుర్తు లేకుండా పోయారు. అన్నం పెట్టబోతే నా ముఖం చూసి, "ఎవల కొడుకువు నాయినా, మా ఇంటికెందుకచ్చినవ్?" అని అడిగింది. కాని ఆమె వేళ్లు మాత్రం దుప్పటి అంచు పట్టుకుని బీడీ చుడుతూనే ఉండేవి. ఆకు లేదు, తంబాకు లేదు. చుట్టి, చివర మడిచి, పక్కన పెట్టి, మళ్లీ ఇంకొకటి. అది చూసినప్పుడు నాకు దుఃఖం కంటే భయమే ఎక్కువ కలిగింది. నాకు కూడా ఇట్లే అయితే? అప్పటికి నాకు యాభై దాటాయి.

యాభై ఏడో ఏట మా సబ్‌స్టేషన్‌లో పాత ప్యానెల్ తీసేసి కొత్తది పెట్టారు. పాతదాని మీద వరసగా నాలుగు పిడులు. ఎడమ నుంచి రెండోది చెరువు ఫీడర్, నాలుగోది గుట్ట ఫీడర్. చెరువు కింది పొలాలకు పోయే లైన్ ఒకటి, గుట్ట పక్క ఊళ్లకు పోయేది ఇంకొకటి. కొత్తదాని మీద ఆ రెండూ తారుమారయ్యాయి. గుట్ట రెండోదైంది, చెరువు నాలుగోదైంది. ఇంతే మార్పు. చిన్నపిల్లవాడికి చెప్పినా ఒక్కసారికి గుర్తుంటుంది. నాకు గుర్తుండలేదు.

జగిత్యాలలో రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. కొత్త ప్యానెల్, ఫోన్లో ఎల్సీ ఎక్కించే యాప్, దానికో పాస్‌వర్డు. నా పక్కన కూర్చున్న ఆడపిల్లలు మధ్యాహ్నం భోజనానికి ముందే నేర్చేసుకుని సెల్ఫీలు దిగుతున్నారు. నేను చెప్పిందల్లా కాగితం మీద రాసుకున్నాను. మర్నాడు ఆ కాగితం ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. పాస్‌వర్డు మూడుసార్లు మార్పించుకున్నాను. నాలుగోసారి అడగడానికి సిగ్గేసి, యాప్ పాడైందని అబద్ధం చెప్పాను.

సబ్‌స్టేషన్‌కు వచ్చాక గండం గడవడానికి నా ఉపాయాలు నాకుండేవి. పిడి తిప్పే ముందు మీద రాసిన పేరు చదివేవాణ్ని. తొందర లేనప్పుడు అంతా సవ్యంగా జరిగేది. కాని ఒకే గంట రీడింగ్ రెండుసార్లు రాయడం, ఫోన్ పెట్టేశాక ఎవరు చేశారో గుర్తు రాకపోవడం మొదలయ్యాయి. భయం వేసిన ప్రతిసారీ నాకు నేనే పరీక్ష పెట్టుకునేవాణ్ని. సిరిసిల్ల స్తంభాల నెంబర్లు వరసగా చదివేవాణ్ని. ఒక్కటి తప్పేది కాదు. హమ్మయ్య, మతి బాగానే ఉంది అనుకునేవాణ్ని. అక్కడే మోసపోయాను. పాతవి పదిలంగా ఉన్నాయి కదా అని ధైర్యపడ్డాను. కొత్తవి నిలవడం లేదన్నది నన్ను నేను అడగలేదు.

ఇంట్లో ఆవిడ కనిపెట్టింది. చెప్పిందే చెప్పించుకుంటున్నానని కొన్నాళ్లు ఊరుకుని, ఒక పొద్దున చాయ్ ఇస్తూ మెల్లగా అంది.

"ఒక్కపాలి కొండగట్టుకు పోయద్దామా?"

మా దిక్కున ఆ మాటకు అర్థం వేరే చెప్పక్కర్లేదు. కొండగట్టు అంజన్నకు మొక్కులు ఎన్నో రకాలు. కాని మతి చలించినవాళ్లను తీసుకుపోయి రోజుల తరబడి గుడి దగ్గర ఉంచడం మేం చిన్నప్పటి నుంచి చూసిందే. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాకేమన్న పిచ్చి లేసిందనుకున్నవా?" అని చాయ్ గ్లాసు గోడకు కొట్టాను.

"దండం పెట్టుకొనద్దామన్న. గంతే గదా" అని ఆమె గాజు పెంకులు ఏరుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. క్షమించమని అడగలేదు, ఏం మగతనమో ఏమో.

ఆ ఎండాకాలం జగిత్యాల మీటింగులో పై అధికారి మా సెక్షన్‌ను అందరి ముందు మెచ్చుకున్నాడు. మా లైన్‌మన్లందరూ గొలుసు తప్పకుండా వాడుతున్నారట, మిగతావాళ్లు చూసి నేర్చుకోవాలట. మా ఏఈ మేడంకు, అంటే మా సెక్షన్ ఇంజనీరుకు, పూలబొకే ఇచ్చారు. నేను కూడా గట్టిగా చప్పట్లు కొట్టాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

అసలు రోజు వానాకాలం నాట్ల మధ్యలో వచ్చింది. పొద్దున పది దాటింది. బావ ఫోన్ చేశాడు.

"బావా, గుట్ట ఫీడర్ల ఇన్సులేటర్ పలిగింది. ఎల్సీ ఇయ్యి."

పిడి మీద పేరు చదివాను. గుట్ట, ఎడమ నుంచి రెండోది. ఆపేశాను. అక్కడిదాకా అంతా సరిగ్గానే చేశాను. బోర్డు తగిలించకముందే "ఇచ్చిన, ఎక్కు" అన్నాను. బోర్డు తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే ఇంకో ఫోన్ మోగింది. ఎవరో రైతు, మోటరు కాలిపోయిందని తిడుతున్నాడు. అతనికి జవాబు చెబుతూ, పేరు చదవకుండా, చేతిలోని బోర్డును గుట్ట ఫీడర్‌కు తగిలించాననుకున్నాను. చెయ్యి తనకు తెలిసిన చోటికి పోయింది. పద్దెనిమిదేళ్లు గుట్ట ఫీడర్ ఎక్కడుందో అక్కడికి, నాలుగోదానికి.

పావుగంటకు గాలి దుమారం లేచింది. చెరువు ఫీడర్ పడిపోయి, కింది పొలాలకు కరెంటు ఆగింది. గాలికి తీగలు తగిలి అట్లా పడటం మామూలే. గాలి తగ్గాక మళ్లీ వేయాలి. ఇంతలో ఫోన్లు మొదలు.

"సారూ, నాటేసే ఆడోళ్లు గట్ల మీద కూసున్నరు, కరెంటేదీ?"

"ఎంతసేపాయె, నిద్రవోతున్నరా అక్కడ?"

గాలి తగ్గింది. లేచాను. ప్యానెల్ చూశాను. నాలుగోదానికి బోర్డు ఉంది. మనసులో పాత లెక్క తయారుగా ఉంది. నాలుగోది గుట్ట, దానికి బోర్డు ఉంది, బావ పని చేస్తున్నాడు, దాని జోలికి పోవద్దు. రెండోది చెరువు, దానికి బోర్డు లేదు, వెయ్యొచ్చు. ఎంత జాగ్రత్తగా ఆలోచించానో చూడండి! నేను చేసిన మొదటి తప్పే నా రెండో తప్పుకు సాక్ష్యం పలికింది.

రెండోది తిప్పాను.

బయట యార్డులో ఢమ్మని చప్పుడు. పిడి వెంటనే పడిపోయింది. కరెంటు పోతోందని చెప్పే ఎర్ర దీపం వెలిగిందో లేదో ఆరిపోయింది. అప్పుడు తలెత్తి పేరు చదివాను. గుట్ట.

బల్ల పట్టుకుని నిలబడ్డాను. లైన్లో మనిషి తగిలినా పిడి పడిపోవచ్చు. నాకు ఆ ఒక్కటే తోచింది. ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి కూడా అంతే. రైతుల ఫోన్లు మధ్యలో చొరబడుతున్నాయి. ఒకతను, "ఏమయింది సారూ, మాట్లాడవేంది?" అంటున్నాడు. అతని ఫోన్ పెట్టేశాను.

మేడంకు ఫోన్ చేశాను. "మేడం, మనిషి ఉన్న లైన్ ఛార్జ్ చేసిన. నేనే. గుట్ట ఫీడర్" అన్నాను.

ఆమె వెంటనే అడిగింది. "ఎక్కడున్నడు? ఏ పోల్?"

"పాత రైస్‌మిల్లు దాటినంక కల్వర్టు, కుడిదిక్కు మామిడితోట, తోట మూల మీద జంట స్తంభాలు. గక్కడే మేడం."

ఆ క్షణంలో కూడా నాకు ఆ లైన్లో మాటిమాటికీ ఇన్సులేటర్ పగిలే చోటు ఏదో ఇంచు తేడా లేకుండా గుర్తుంది. పదేళ్ల కింద ఆ చోట ఏ రకం ఇన్సులేటర్ వేశారో కూడా గుర్తుంది. అరగంట కింద నా చేత్తో నేను చేసింది మాత్రం గుర్తు లేదు. థూ, ఏం మతి!

నేను వెళ్లడానికి లేదు. ఆపరేటర్ కుర్చీ వదలకూడదు. నలభై నిమిషాలు ఆ గదిలో ఒక్కణ్నే ఉన్నాను. బావ భార్య ముఖం కళ్ల ముందుకు వచ్చింది. నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టిందో ఆమె. ఆమెకు ఏం చెప్పాలి, ఎట్లా మొదలుపెట్టాలి అని వాక్యాలు కూర్చుకుంటున్నాను. ఒక్కటీ పూర్తి కాలేదు. కుడిచేతిని చూసుకున్నాను. అది నాది కానట్టు అనిపించింది. అమ్మ వేళ్లు గుర్తొచ్చాయి, దుప్పటి అంచు మీద ఆగకుండా తిరిగిన వేళ్లు. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

మేడం నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తడానికి భయపడ్డాను. ఎత్తాను.

"ఏం బావా, నా పదకొండో దినం లడ్డూలు తిందామనుకున్నవా?"

బావ గొంతు! నేను ఏడ్చాను. పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఊకో ఊకో. ఫోన్ అంగీ జేబుల వెట్టి అంగీ బండి మీద ఏసిన. ఎక్కడ ఎత్తాలె? బెల్టు ఉన్నది గనుక కింద పడలే, మేడం అచ్చినంకనే దిగిన. అస్తున్న, ఉండు."

మేడం జీపులో ఇద్దరూ సబ్‌స్టేషన్‌కు వచ్చారు. బావ చేతిలో గొలుసు. దాని రెండు కడియాలు కరిగి అతుక్కుపోయాయి. దాన్ని నా బల్ల మీద పెట్టాడు. ఇంకా కాలిన వాసన వస్తోంది.

"గొలుసు ఏసినవా?" అన్నాను. "నువ్వు ఎప్పుడేసినవ్ గొలుసు?"

బావ మేడం వైపు చూశాడు, తర్వాత నేలను చూశాడు.

"ఎండాకాలం సంది ఏస్తున్న బావా. ఒకనాడు ఎల్సీ తీసుకున్న. అయిదు నిమిషాలకు మల్ల ఫోన్ జేస్తే, ఎవలకు ఎల్సీ, నేనెవలకు ఇయ్యలే అన్నవ్. గానాటి సంది ఏస్తున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పుదు? నువ్వు రిజిస్టర్‌వాయె. నోరు రాలే."

మీరు నమ్మరు, బతికొచ్చిన మనిషి ఎదురుగా నిలబడితే నాకు ముందు వచ్చింది కోపం. ఇన్ని నెలలు నా మాట వినగానే డిక్కీలోంచి గొలుసు తీస్తున్నాడా వీడు! "ఇంకెవలకు ఎరుక?" అని అరిచాను.

"అందరం ఏస్తున్నం బావా" అన్నాడు.

అప్పుడు నాకు జగిత్యాల మీటింగు గుర్తొచ్చింది. పూలబొకే, నేను కొట్టిన చప్పట్లు. మా సెక్షన్ గొలుసు వాడకం ఎందుకంత బాగుందో అప్పుడు తెలిసింది. మేడం ముఖం చూశాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆమెకు కూడా అప్పుడే తెలిసిందని ఆ ముఖమే చెప్పింది.

ఫీడర్ పడితే కారణం పుస్తకంలో రాయాలి. బావ పెన్ను తీసి నా చేతికిచ్చాడు. "కొంగ తగిలిందని రాయి. అయిపోతది."

"నేనైతే ఏం అడగను సార్" అంది మేడం, ఇంకా కిటికీలోంచే చూస్తూ. "మీకు ఇంక పదహారు నెలలే ఉన్నయి."

మంచివాళ్లు. ఇద్దరూ నన్ను కాపాడాలనే చూశారు. ఎండాకాలం నుంచి అందరూ చేస్తున్నది కూడా అదే. కొంగ అని రాస్తే మర్నాడు మళ్లీ ఈ కుర్చీలోనే కూర్చుంటాను. మళ్లీ తొందర వస్తుంది, మళ్లీ చెయ్యి తనకు తెలిసిన చోటికే పోతుంది. గొలుసు లేనివాడు ఒక్కడుంటే చాలు.

రాశాను. "ఎల్సీ ఉన్న లైన్‌ను ఆపరేటర్ పొరపాటున ఛార్జ్ చేశాడు. బోర్డు కూడా తప్పుచోట తగిలించాడు. ఆపరేటర్‌కు కొత్త ప్యానెల్ గుర్తుండటం లేదు. ప్యానెల్ పని నుంచి తప్పించగలరు." కింద సంతకం పెట్టాను. నా చేత్తో నేను రాసుకున్నదే, అయినా ఆ మూడో వాక్యం దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది.

మెమో వచ్చింది, విచారణ జరిగింది, నన్ను జగిత్యాల స్టోర్‌కు వేశారు. అక్కడ పాత ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య మళ్లీ రిజిస్టర్‌నయ్యాను. పాత సరుకు కదా, అన్నీ నోటికి ఉన్నాయి. డాక్టరు దగ్గరికి కూడా పోయాను. జబ్బు కాదన్నాడు, వయసు అన్నాడు. కొత్తది నేర్చుకోవచ్చు కాని నిదానంగా, పదేపదే చేస్తేనే నిలుస్తుందట, కంగారు పడితే పాతది ముందుకు వస్తుందట. ఇప్పటికైతే జబ్బు కాదు అన్నాడు. ఆ "ఇప్పటికైతే" అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఆవిడతో కొండగట్టుకు కూడా వెళ్లొచ్చాను. ఆమె దండం పెట్టుకుంటే నేను పగిలిన చాయ్ గ్లాసుకు క్షమాపణ చెప్పాను.

పిల్లలూ, మీకు చెప్పేదొకటే. పక్కన పెద్దాయన ఎవరైనా తడబడుతుంటే, గౌరవం కొద్దీ నోరు మూసుకుని గొలుసు వేసుకోకండి. గొలుసు వేసుకోండి, నోరు కూడా విప్పండి. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి.

ఇప్పుడు బావ కూడా రిటైరయ్యాడు. వారానికోసారి వస్తాడు. మొన్న ముగ్గురం చాయ్ తాగుతుంటే ఆవిడ అతనితో చెప్పింది.

"అన్నా, ఈయన పగటీలి పండుకున్నప్పుడు సూడాలె. కుడిచెయ్యి లేపి గాలిల ఏందో తిప్పుతడు."

నాకు అది తెలియదు. ఆమె ఎప్పుడూ నాతో అనలేదు. బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఎట్ల తిప్పుతడు చెల్లె?"

ఆమెకు ప్యానెల్ సంగతి ఏం తెలుసు? నవ్వుతూ చెయ్యి చాపి చూపించింది. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, ఒకటి దాటించి, దాని పక్కన ఆగి, మణికట్టు తిప్పింది.

బావా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎడమ నుంచి రెండోది.

"తిప్పనీ చెల్లె" అన్నాడు బావ. "నేను గొలుసు ఏసుకునే ఉన్న."

ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ రోజు నుంచి పగలు పడుకునే ముందు కుడిచేతిని దిండు కింద పెట్టుకుంటున్నాను.